ఇంటి స్టూడియోకు స్పీకర్లు కొనే ముందు



1990లలో పండుగకు నాలుగు కొత్త కీర్తనలు క్యాసెట్టుగా తేవాలంటే గాయక బృందం మొత్తం పట్నం వెళ్లి, గంటల లెక్కన స్టూడియో అద్దె చెల్లించి, రాత్రి బస్సుకు తిరిగి రావలసి వచ్చేది. నేడు ఆ శ్రమ లేదు. ఒక కంప్యూటరు, ఒక మంచి మైకు, ఆ రెండింటినీ కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె ఉంటే ఇంటిలోనే పాట రికార్డు చేయవచ్చు. మన విచారణల్లో యువతీ యువకులు కొందరు ఈ పనికి పూనుకున్నారు. దేవాలయ గీతాల కోసం తమ సెలవు దినాలను వెచ్చిస్తున్న ఈ బిడ్డలను చూచి సంతోషించాలి.

అయితే ఈ పని మొదలైన ఇళ్లలో తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది. "మైకన్నారు కొన్నాం, పెట్టె అన్నారు కొన్నాం. ఇప్పుడు స్టూడియో మానిటర్లట, సబ్‌వూఫరట! హాల్లో అంత పెద్ద హోం థియేటర్ ఉండగా మళ్లీ స్పీకర్లెందుకు?" ప్రశ్న న్యాయమైనదే. జీతం రాళ్లతో ఇల్లు నడుపుకొనేవారు అడగవలసిన ప్రశ్నే. కనుక ఈ వారం పాఠాన్ని ఆ తల్లిదండ్రులనూ, ఆ బిడ్డలనూ ఒకచోట కూర్చోబెట్టి చెబుతున్నట్లుగా చదువుకొనగలరు.

ముందుగా నష్టం ఎక్కడ జరుగుతుందో చూద్దాం. ఒక విచారణలో యువకులు క్రిస్మస్ పాటలు ఇంట్లో రికార్డు చేశారు. వారి గదిలో వింటే తబలా, బేస్ గిటారు చాలా హుందాగా వినిపించాయి. దేవాలయంలో అర్ధరాత్రి పూజకు ముందు ఆ పాటలు పెట్టారు. ధుం, ధుం అనే మోత తప్ప మాట తెలియలేదు. వెనుక వరుసలోని పెద్దావిడ ఒకామె, "పాట బాగుంది నాయనా, ఏ పండుగది?" అని అడిగింది. పాడినవారి గొంతులో లోపం లేదు, మైకులోనూ లోపం లేదు. వారు విని తూకం వేసిన స్పీకర్లు, ఆ గది, రెండూ కలిసి వారికి అబద్ధం చెప్పాయి.

ఇది చిన్న విషయం కాదు. పోపు పునీత పదవ పయస్‌గారు 1903 నవంబరు 22న, పునీత సిసిలియమ్మ పండుగనాడు, దేవాలయ సంగీతాన్ని గురించి ఒక ఆదేశపత్రం వెలువరించారు. పాడే పలుకులు వినే విశ్వాసులకు అర్థమయ్యే రీతిలో ఉండాలని అందులో కోరారు. వాద్యం స్పష్టంగా పలకకపోతే వినేవారికి ప్రయోజనం లేదని పౌలుగారు కూడా కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 14వ అధ్యాయంలో హెచ్చరించారు. ఆయన చెప్పినది భాషల వరాన్ని గురించి. అయినా ఆ ఉపమానం మన గాయక బృందాలకు చక్కగా సరిపోతుంది.

వేలు ఆనించని త్రాసు

సంతలో కొందరు వర్తకులు త్రాసు మీద బొటనవేలు ఆనిస్తారని మనకు తెలుసు. హోం థియేటర్ స్పీకరు సరిగ్గా ఆ పనే చేస్తుంది. సినిమా చూస్తున్నప్పుడు మనకు ఆనందం కలగాలని, మనం బేస్ అని పిలిచే మంద్రనాదాన్ని పెంచి, పైస్థాయి నాదాలకు కొంచెం మెరుగు పెట్టి వినిపిస్తుంది. వినడానికి అది హాయి. కాని పాటను తూచేవారికి అది మోసం. స్పీకరు తనంత తానే బేస్ కలుపుతుంటే, "ఇప్పటికే చాలినంత ఉంది" అనుకొని మనం పాటలో బేస్ తగ్గిస్తాం. ఆ పాట వేరేచోట పలచబడిపోతుంది. స్పీకరు బేస్ సరిగా పలకకపోతే దీనికి విరుద్ధంగా జరుగుతుంది. వినబడడం లేదు కదా అని పెంచుతూ పోతాం. పైన చెప్పిన క్రిస్మస్ పాటలకు పట్టిన గతి అదే.

స్టూడియో మానిటర్ అంటే వేలు ఆనించని త్రాసు. ఉన్నది ఉన్నట్లు, ఎక్కువ తక్కువలు లేకుండా పలకడానికి ప్రయత్నించే స్పీకరు. ప్రయత్నించే అన్న మాటను గమనించండి. పరిపూర్ణమైన స్పీకరు ఎక్కడా లేదు. కాని మంచి మానిటర్ లోపాలు తెలిసిన లోపాలు. వాటికి అలవాటు పడి పని చేయవచ్చు.

ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ జపాను దేశపు యమహా సంస్థవారి ఎన్.ఎస్.-10. 1978లో దీనిని ఇళ్లలో పాటలు వినడానికని తయారు చేశారు. ఇళ్లలో అంతగా ఆదరణ దొరకలేదు. బేస్ తక్కువ, మధ్యస్థాయి నాదం కాస్త కటువు. ఆ కటువుదనమే స్టూడియోలవారికి నచ్చింది. గొంతులో లోపమున్నా, వాద్యాలు మాటల మీద పడినా అది దాచిపెట్టదు. దాని మీద బాగా వినిపించిన పాట ఎక్కడైనా బాగా వినిపిస్తుందన్న పేరు వచ్చింది. 2001లో తయారీ ఆగిపోయేనాటికి, తెల్లని కోను గల ఆ పెట్టెలు ప్రపంచంలోని ఎన్నో పెద్ద స్టూడియోలలో చేరిపోయాయి. పొగిడే స్నేహితుని కంటే, మొహం మీద చెప్పే మేనమామ మేలు కదా!

గది కూడా ఒక వాద్యమే

ఇప్పుడు ఈ పాఠంలో ముఖ్యమైన భాగానికి వస్తున్నాం. కొనుగోలు గురించి అడిగితే గది గురించి చెబుతారేమిటని విసుగు చెందవద్దు. చిన్న గదిలో, ముఖ్యంగా బేస్ విషయంలో, స్పీకరు ఎంత పలుకుతుందో గది కూడా అంత పలుకుతుంది.

ధ్వని సెకనుకు సుమారు 1130 అడుగుల వేగంతో ప్రయాణిస్తుంది. మన ఎండలకు మరికొంచెం ఎక్కువ. సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే లెక్కను హెర్ట్జ్ అంటారు. మనిషి చెవి 20 నుండి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. వయసు పెరిగేకొద్దీ పై అంకె తగ్గుతూ వస్తుంది. 50 హెర్ట్జ్ నాదం యొక్క ఒక్క అలకు దాదాపు 23 అడుగుల పొడవుంటుంది. మన ఇళ్లలో గదులు పది అడుగులు, పన్నెండు అడుగులు. అంత పొడవైన అల అంత చిన్న గదిలో ఇమడక, గోడకూ గోడకూ మధ్య కొట్టుకొని ఒకచోట పేరుకుపోతుంది, మరొకచోట మాయమైపోతుంది.

మీ గదిలో ఈ ఇబ్బంది ఏ స్వరం దగ్గర వస్తుందో ఇంట్లో పిల్లలచేత లెక్క వేయించవచ్చు. 565ను గది పొడవు ఎన్ని అడుగులో దానితో భాగించండి. పన్నెండు అడుగులకు 47 హెర్ట్జ్, పది అడుగులకు 56 హెర్ట్జ్ వస్తుంది. ఇవి బేస్ గిటారు కింది తీగలు పలికే చోటు. ఆ వాద్యం అడుగు స్వరం 41 హెర్ట్జ్. ఈ లెక్కను పొడవుకు, వెడల్పుకు, ఎత్తుకు విడివిడిగా వేయాలి. గది పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉంటే మూడు జవాబులూ ఒకటే వస్తాయి. అంటే మూడు దిక్కుల నుండి ఒకే స్వరం ఉబ్బుతుంది. స్టూడియోకు అటువంటి చతురస్రపు గదిని ఎన్నుకోవద్దు. ఇంట్లో కొంచెం కోలగా ఉన్న మరో గది ఉంటే అదే మేలు.

ఈ స్వరం గోడల దగ్గర, మూలల్లో ఉబ్బుతుంది. గది నట్టనడుమ దాదాపు వినబడదు. కుర్చీని గది మధ్యలో వేసుకొని పాట తూచే పిల్లవాడికి 47 హెర్ట్జ్ బేస్ వినబడకపోవడంలో వింతేమీ లేదు. అతడు దానిని పెంచుతాడు. దేవాలయంలో అది పెంచినంతా వినిపిస్తుంది. ఒక్క కుర్చీని రెండడుగులు జరిపితే పోయే జబ్బుకు వేల రూపాయల స్పీకర్లు మార్చినవారున్నారు.

కనుక అమరిక ఇలా చేసుకోండి. స్పీకర్లను పొట్టి గోడ వైపు పెట్టి, వాటి ధ్వని గది పొడవునా ప్రయాణించేలా చూడండి. కూర్చునే చోటు, ఎదుటి గోడ నుండి గది పొడవులో నూటికి 38 వంతుల దూరంలో ఉంటే మంచిదని అనుభవజ్ఞులు చెప్పే లెక్క. పన్నెండు అడుగుల గదిలో అది సుమారు నాలుగున్నర అడుగులు. అక్కడి నుండి ఒక అడుగు అటు ఇటు జరిగి విని చూసుకోవాలి. రెండు స్పీకర్లు, మీ తల, మూడూ సమాన భుజాల త్రిభుజంగా ఉండాలి. భుజం మూడు, మూడున్నర అడుగులు చాలు. పైస్థాయి నాదాన్ని పలికే చిన్న ట్వీటర్ మీ చెవి ఎత్తులో ఉండాలి. కుడి స్పీకరు గోడకు ఎంత దూరమో, ఎడమది కూడా అంతే ఉండాలి. ఒక పక్క బీరువా, మరో పక్క తెరిచిన తలుపు ఉంటే రెండు చెవులకూ రెండు పాటలు వినిపిస్తాయి.

వెనుక గోడతో ఒక చిక్కుంది. స్పీకరు నుండి వెనక్కు వెళ్లిన బేస్ గోడకు తగిలి తిరిగివచ్చి, ముందుకు వెళ్లే నాదాన్ని ఒకచోట కొట్టివేస్తుంది. 282ను స్పీకరు ముఖం నుండి గోడకు ఉన్న అడుగులతో భాగిస్తే అది ఏ స్వరమో తెలుస్తుంది. మూడడుగులైతే 94 హెర్ట్జ్, రెండడుగులైతే 141. మగవారి గొంతు నిండుదనమంతా ఆ ప్రాంతంలోనే ఉంటుంది. చిన్న గదిలో స్పీకరును గోడకు బాగా దగ్గరగా, వెనుక రంధ్రమున్న రకమైతే జానెడు సందు వదిలి, పెట్టడమే తెలివి. అప్పుడు మొత్తం మీద బేస్ కొంత పెరుగుతుంది. దానిని తగ్గించడానికి చాలా మానిటర్ల వెనుక ఒక మీట ఉంటుంది. దాని సంగతి చాలామంది చూడనే చూడరు.

పరుపులతో పాఠం

గోడల నుండి తిరిగివచ్చే ధ్వనిని తగ్గించడం ఎలా? ఈ విద్యకు మూలపురుషుడు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు వాలెస్ సేబిన్. 1895లో అక్కడ కొత్తగా కట్టిన ఉపన్యాస మందిరంలో మాట్లాడితే మాట మీద మాట పడి ఏమీ అర్థమయ్యేది కాదు. కారణం కనుగొనమని యువకుడైన సేబిన్‌కు అప్పగించారు. ఆయన మరో మందిరంలోని కుర్చీ మెత్తలను రాత్రివేళ మోయించుకొని వచ్చి, వాటిని పరుస్తూ, ధ్వని ఎన్ని సెకన్లలో అణగిపోతుందో కొలిచాడు. తెల్లవారేసరికి మెత్తలు మళ్లీ తమ చోట ఉండాలి! తెరిచిన కిటికీ గుండా పోయిన ధ్వని తిరిగి రాదు గనుక, దానినే కొలమానంగా పెట్టుకొని, ఏ వస్తువు ఎంత ధ్వనిని పీలుస్తుందో లెక్కగట్టాడు. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు ఆయన లెక్కల మీద కట్టినదే. మనుషుల బట్టలు, దేహాలు కూడా ధ్వనిని పీలుస్తాయి. ఖాళీ దేవాలయంలో చేసిన మైకు పరీక్ష పండుగ పూజవేళ పనికిరాకపోవడానికి కారణం ఇదే.

సేబిన్‌గారి మెత్తల విద్య మన ఇంట్లోనే ఉంది. బూరుగు దూది పరుపును నిలువుగా మూలకు ఆనించి చూడండి. గదిలో చప్పట్లు కొడితే వచ్చే ఖంగుమనే మోత తగ్గుతుంది. గోడకు అంటించకుండా జానెడు దూరం ఉంచితే ఇంకా బాగా పనిచేస్తుంది. పక్క గోడలకు ఎక్కడ పెట్టాలన్నది తెలుసుకోవడానికి ఒక ఉపాయముంది. మీరు కుర్చీలో కూర్చోండి. ఇంకొకరు గోడ వెంట అద్దం జరుపుతూ పోవాలి. అద్దంలో మీకు స్పీకరు కనిపించిన చోటే ధ్వని తగిలి మీ వైపు వస్తుంది. అక్కడ మెత్తటి మందపాటి వస్తువు ఉండాలి. పరుపులు నచ్చకపోతే, నాలుగంగుళాల మందం గల రాక్‌వూల్ పలకలకు చెక్క చట్రం కట్టి, గుడ్డ తొడిగి గోడకు తగిలించవచ్చు. కోసేటప్పుడు ముక్కుకు, చేతులకు రక్షణ తప్పనిసరి.

కోడిగుడ్ల అట్టలు గోడకు అంటించేవారు ఇంకా ఉన్నారు. వాటివల్ల చెప్పుకోదగ్గ ప్రయోజనం లేదు, పైగా నిప్పంటుకుంటే ప్రమాదం. థర్మోకోల్ సంగతి కూడా అంతే. అంగుళం మందం ఫోము పైస్థాయి నాదాన్ని మాత్రమే పీల్చి బేస్‌ను వదిలేస్తుంది. గది చీకటిగా, మొద్దుగా తయారవుతుంది. ఒక నిజం కూడా చెప్పాలి. పరుపులైనా, రాక్‌వూలైనా 50 హెర్ట్జ్ దగ్గర చేయగలిగింది కొద్దే. అంత పొడవైన అలను పూర్తిగా పట్టాలంటే అడుగుల మందం కావాలి. అక్కడ మనకు దిక్కు కుర్చీ చోటూ, స్పీకర్ల చోటూ, ఇక చివరగా హెడ్‌ఫోనూ.

దుకాణంలో అడగవలసినవి

పన్నెండు, పది అడుగుల గదికి ఐదంగుళాల వూఫర్ గల మానిటర్ల జత చాలు. ఎనిమిదంగుళాలవి కొంటే గది ఇబ్బంది పడే స్వరాలనే మరింత బలంగా రేపుతాయి. చిన్న పడవకు పెద్ద తెరచాప కట్టినట్లే. ఈ మానిటర్లలో ఆంప్లిఫయర్ లోపలే ఉంటుంది. వూఫరుకు ఒకటి, ట్వీటరుకు ఒకటి. అందుకే వేరే ఆంప్లిఫయర్ కొననక్కరలేదు. ధర అడిగేటప్పుడు అది ఒక్క స్పీకరుకా, జతకా అని స్పష్టంగా అడగండి. చాలా రకాలను విడివిడిగా అమ్ముతారు. జత అనుకొని ఇంటికి ఒక్కటే తెచ్చుకున్న తండ్రి బాధ చెప్పనలవి కాదు.

వాట్ల అంకె చూసి మోసపోవద్దు. పాత రోజుల్లో స్పీకరు పెట్టెల మీద పి.ఎం.పి.ఓ. అని వేలకు వేలు వాట్లు అచ్చువేసేవారు. అది కొలమానమే కాదు. యమహా హెచ్.ఎస్.5 అనే మంచి మానిటర్‌లో వూఫరుకు 45, ట్వీటరుకు 25, కలిపి 70 వాట్లు. మూడడుగుల దూరంలో కూర్చున్నవారికి అది ఎక్కువే.

హెర్ట్జ్ అంకెను కూడా జాగ్రత్తగా చదవాలి. అదే హెచ్.ఎస్.5కు 54 నుండి 30,000 హెర్ట్జ్ అని వ్రాసి ఉంటుంది. అది పది డెసిబెల్స్ పడిపోయేదాకా కొలిచిన లెక్క. మూడు డెసిబెల్స్‌లోపు నిలకడగా పలికేది 74 నుండి 24,000 వరకు. జె.బి.ఎల్. 305పి రెండవ తరం స్పీకరుకు మొదటి లెక్కన 43, రెండవ లెక్కన 49. ఒకదాని మొదటి లెక్కను మరొకదాని రెండవ లెక్కతో పోల్చితే బేరం తప్పుతుంది. కాగితం మీద ఎంత తగ్గుదలకు కొలిచారో అడగండి. చెప్పలేని దుకాణదారు దగ్గర తొందరపడవద్దు.

వినేటప్పుడు మీకు కంఠతా వచ్చిన మూడు పాటలు పట్టుకొని వెళ్లండి. ఒకటి ఒంటరి గొంతు, ఒకటి గాయక బృందం, ఒకటి తబలా బాగా ఉన్నది. రెండు రకాల స్పీకర్లను పోల్చేటప్పుడు రెండింటి శబ్దమూ సమానంగా ఉంచమనండి. ఏది కొంచెం గట్టిగా మోగితే అదే మేలని చెవి నమ్ముతుంది. అమ్మేవారికి ఈ సంగతి బాగా తెలుసు. మొదటిసారి విన్నప్పుడు "అబ్బ!" అనిపించినది కాకుండా, అదే పాటలో అంతకుముందు మీరు గమనించని ఊపిరి చప్పుడో, ఒకరి శ్రుతి తప్పో వినిపించినదాన్ని ఎన్నుకోండి. "స, శ" అక్షరాలు చెవిని గీరకుండా, అలాగని మింగుడు పడకుండా ఉన్నాయా చూడండి. ఈ ఊష్మాక్షరాల ధ్వని నాలుగైదు వేల హెర్ట్జ్, అంతకు పైన ఉంటుంది.

తీగల విషయం త్వరగా చెబుతాను. ఇంటర్‌ఫేస్ నుండి స్పీకరుకు బ్యాలెన్స్‌డ్ తీగలు కొనండి, రెండు గీతల జాక్ లేక ఎక్స్.ఎల్.ఆర్. రకం. ఖరీదైనవి అక్కరలేదు. ఇంటి ఎర్తింగ్ సరిగా లేకపోతే 50 హెర్ట్జ్ ఝుంకారం వినిపిస్తుంది. దానికి స్పీకరును తిట్టకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసివేసి మోత ఆపడం ప్రాణాపాయం.

సబ్‌వూఫరు కావాలా?

ముక్కుసూటిగా చెబుతున్నాను. చిన్న గదిలో, మొదటి కొనుగోలులో, వద్దు. హార్మోనియం, తబలా, కీబోర్డు, బేస్ గిటారు, పదిమంది గొంతులు ఉండే మన కీర్తనల్లో అతి కింది గొంతు కూడా 80 హెర్ట్జ్‌కు అటు ఇటుగా ఆగుతుంది. బేస్ గిటారు 41 హెర్ట్జ్ స్వరాన్ని కూడా చెవి దాని రెట్టింపైన 82 వంటి పై స్వరాల ద్వారా గుర్తుపడుతుంది. సబ్‌వూఫరు పంపే నాదమంతా 80 హెర్ట్జ్‌కు కిందిది. మన గది ఇబ్బంది పడేది సరిగ్గా 47, 56 దగ్గర. జ్వరం ఉన్నవాడికి కంబళి కప్పినట్లవుతుంది.

ఇక పొరుగువారు. గోడ పైస్థాయి నాదాన్ని ఆపుతుంది కాని బేస్‌ను ఆపలేదు. అపార్ట్‌మెంటులో సబ్‌వూఫరు మోగితే పాటలోని దేవుని మాట పక్కింటికి చేరదు, ధుం ధుం మాత్రం చేరుతుంది. చంటిబిడ్డ ఉన్న ఇల్లో, పరీక్షకు చదివే పిల్లవాడున్న ఇల్లో అది. రాత్రి ఈ పని చేయాలంటే మంచి హెడ్‌ఫోన్ జత మేలు. దానికి గది లేదు గనుక గది అబద్ధమూ లేదు. 70 హెర్ట్జ్ కింద ఏం జరుగుతోందో దానిలో సరిచూసుకొని, గొంతు, వాద్యాల తూకం మానిటర్ల మీద చూసుకోవచ్చు.

అయితే గది పెద్దదై, సొంత ఇల్లై, సినిమా సంగీతమో, ఆర్గన్ నాదమో చేసేవారికి సబ్‌వూఫరు నిజంగా ఉపయోగపడుతుంది. అప్పుడు పెట్టే పద్ధతి తెలుసుకోవాలి. ముందు సబ్‌వూఫరును మీ కుర్చీ చోట పెట్టి, బేస్ మెట్లు ఎక్కి దిగే పాట ఒకటి మోగించి, మీరు గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ వినండి. ఇంట్లోవారు నవ్వితే నవ్వనివ్వండి. ఏ చోట స్వరాలన్నీ సమానంగా వినిపిస్తాయో ఆ చోట సబ్‌వూఫరు పెట్టి, మీరు కుర్చీకి తిరిగి రండి. మూలలో పెడితే ఎక్కువ మోగుతుంది. ఎక్కువ మోగడం మన ఉద్దేశం కాదు. మానిటర్లకు, దానికి హద్దు సాధారణంగా 80 హెర్ట్జ్ దగ్గర పెడతారు. ఫేజ్ మీటను అటు ఇటు వేసి, ఆ హద్దు దగ్గర బేస్ ఏ వైపు నిండుగా వస్తే ఆ వైపు ఉంచండి. చివరికి దాని శబ్దాన్ని, అది ఉన్నట్లు తెలియనంతవరకు తగ్గించండి. ఆపివేసినప్పుడు మాత్రమే లోటు తెలియాలి.

ఎంత శబ్దంలో పని చేయాలన్నది కూడా బేస్‌కు సంబంధించినదే. చెవి తక్కువ శబ్దంలో బేస్‌ను తక్కువగా వింటుందని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1933లో చూపించారు. ఒక రోజు మెల్లగా, ఒక రోజు గట్టిగా విని తూచితే రెండు రకాల పాటలు వస్తాయి. సుమారు 75 డెసిబెల్స్ దగ్గర, అంటే పక్కనున్నవారు గొంతు కాస్త పెంచి మాట్లాడవలసినంత శబ్దంలో, మీటకు గుర్తు పెట్టుకోండి. 85 డెసిబెల్స్‌కు మించి గంటల తరబడి వింటే చెవులే పోతాయి. తల్లిదండ్రులు ఈ ఒక్క విషయంలో పట్టుబట్టి తీరాలి.

డబ్బు పంపకం ఎలాగంటారా? చేతిలో పది రూపాయలుంటే ఆరు మానిటర్లకు, రెండు గదికి, రెండు హెడ్‌ఫోనుకు. సబ్‌వూఫరుకు సున్న. విచారణ చందాలతో కొంటున్నవారైతే గది ఖర్చును ముందే లెక్కలో వ్రాయించండి. తరువాత అడిగితే పరుపులకు డబ్బేమిటని కమిటీవారు నవ్వుతారు.

కొన్న తరువాత వారం రోజులు ఏ పాటనూ తూచవద్దు. మీకు తెలిసిన మంచి రికార్డులనే వాటి మీద వినండి. ఆ స్పీకర్ల గొంతు చెవికి అలవాటు కావాలి. ఆ తరువాత మీ పాటను తయారు చేసి, ఫోనులో వినండి, ఆటోలో వినండి, కొమ్ము ఆకారపు పాత స్పీకరు ఎక్కడైనా ఉంటే దానిలోనూ వినండి. అది బేస్‌ను దాదాపు పలకదు గనుక మాటలెలా ఉన్నాయో వెంటనే చెబుతుంది. ఇక చివరి పరీక్ష. విచారణ గురువుల అనుమతితో, వారపు దినాన ఒక సాయంత్రం దేవాలయంలో పాట పెట్టి, ఆ పాట ఎన్నడూ వినని ఒకరిని వెనుక వరుసలో కూర్చోబెట్టండి. చేతికి కాగితం, కలం ఇచ్చి, వినబడిన మాటలు వ్రాయమనండి. కలం ఆగిన చోటల్లా గుర్తు పెట్టుకొని ఇంటికి వెళ్లి, ఆ చోట వాద్యాల బేస్ కొంచెం తగ్గించి, గొంతు కొంచెం పెంచి, మళ్లీ తీసుకురండి. రెండవసారికి వేరొకరిని కూర్చోబెట్టాలి. మొదటివారికి మాటలు ఇప్పటికే తెలిసిపోయి ఉంటాయి.